విశాఖలో ఘాట్ రోడ్డు డ్రైవింగ్ శిక్షణ: కొండ మీద నేర్పినంత శ్రద్ధ ఊళ్లో లేదు

రెండేళ్ల క్రితం జనవరిలో అరకు నుంచి తిరిగి వస్తూ అనంతగిరి దాటిన కాసేపటికి మా కారులోకి ఏదో మాడిన వాసన రావడం మొదలయింది. దారి పక్కన ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకుని అద్దాలు ఎక్కించాను. మరో రెండు మలుపులు తిరిగేసరికి బ్రేకు పెడల్ పాదం కింద మెత్తగా దిగిపోసాగింది. రోజూ ఆగే పాటి ఒత్తిడికి బండి ఆగకుండా ఇంకొన్ని గజాలు ముందుకు పోయింది. ఎదురుగా ఏ వాహనమూ రాకపోవడం వల్ల, ఆ వెంటనే కొంత చదును దొరకడం వల్ల మాత్రమే పక్కకు తీసి ఆపగలిగాను. లైసెన్సు తీసుకుని పదమూడేళ్లు గడిచినా, నగరంలో ప్రతిరోజూ నడుపుతున్నా, ఆ సాయంత్రం తరువాత ఘాట్ రోడ్డు అనగానే స్టీరింగ్ మా వారికి అప్పగించడం అలవాటయింది. ఆయన దిగే పద్ధతీ నా పద్ధతీ ఒకటేనని ఇద్దరికీ తెలిసినా, ఆ మాట ఇద్దరమూ ఎత్తేవాళ్లం కాదు.

ఈ సంవత్సరం విశాఖపట్నంలోని ఒక డ్రైవింగ్ స్కూలు లైసెన్సు ఉన్నవారికి మాత్రమే ప్రత్యేకంగా నడుపుతున్న ఘాట్ రోడ్డు శిక్షణలో చేరాను. నాలుగు రోజుల శిక్షణకు 7,500 రూపాయలు తీసుకున్నారు. డీజిలు, దారిలో టిఫిను ఖర్చులు అదనం. మొదటి రోజు తరగతి గదిలో పాఠం, రెండో రోజు సింహాచలం కొండ దారిలో అభ్యాసం, తరువాతి రెండు రోజులు శృంగవరపుకోట నుంచి అరకు వైపు ఘాట్ ఎక్కి దిగడం. సొంత కారు తెచ్చుకోవచ్చు, లేదా మాస్టారి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉన్న వారి కారు వాడుకోవచ్చు. నాతో పాటు మరో ముగ్గురు చేరారు. స్కూలు పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు అందులో నచ్చనివి కూడా ఉన్నాయి, అవి ఆ ఒక్క స్కూలుకే చెందిన లోపాలని నేను అనుకోవడం లేదు.

మొదటి రోజు పాఠం గురించి త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే వారు కూడా దానిని త్వరగానే ముగించారు. రెండు గంటలని చెప్పి గంటంబావుకే లేచారు. తెర మీద చూపిన పటాలు ఏ కాలం నాటివో గాని, సీటుబెల్టు పెట్టుకోకపోతే 100 రూపాయల జరిమానా అని రాసి ఉంది. 2019 నాటి సవరణతో అది 1,000 రూపాయలయిందని చెబితే మాస్టారు తల ఊపి తరువాతి పటానికి వెళ్లిపోయారు. 1989 నాటి రోడ్డు నియమాల స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చినా పాఠమంతా పాతవాటి పేరుతోనే సాగింది. సిగ్నలు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలని, రౌండ్ చుట్టూ అప్పటికే తిరుగుతున్న వాహనానిదే ముందు హక్కని, జీబ్రా గీతల మీద అడుగు పెట్టిన మనిషికి ఆగాలని పాఠంలో ఉన్నమాట నిజమే. అయితే ఆ మూడింటికీ కలిపి పట్టిన సమయం పది నిమిషాలు. మన కూడళ్లలో ఎవరి బండి పెద్దదయితే వారిదే ముందు హక్కు అన్న తీరుగా నడుస్తున్నప్పుడు, ఈ భాగం మీదే ఒక పూట వెచ్చించి ఉంటే బాగుండేది. డబ్బు తిరిగి అడుగుదామా అనుకుంటూ ఇంటికి వచ్చాను.

అడగకపోవడానికి కారణం అదే రోజు సాయంత్రం వారు చేసిన బండి తనిఖీ. నా కారునే ఘాట్‌కు తెస్తానని చెప్పాను కాబట్టి బానెట్ ఎత్తి చూశారు. టైరు గాడుల లోపల ఉండే చిన్న గట్లను వేలితో చూపించి, పైభాగం అరిగి ఆ గట్లతో సమానమైతే టైరు మార్చవలసిందేనని, చట్టం ప్రకారం కారు టైరుకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలని చెప్పారు. నా టైర్లు గట్టెక్కాయి గాని బ్రేకు ఆయిలు గట్టెక్కలేదు. డబ్బా మూత తీసి చూస్తే అది టీ డికాషన్ రంగులో ఉంది. ఎప్పుడు మార్పించారని అడిగితే, బండి కొన్న ఐదేళ్లలో దానిని మార్చాలన్న సంగతే తెలియదని ఒప్పుకున్నాను. అది మార్పిస్తే తప్ప నా కారును కొండ ఎక్కించబోమని ఖచ్చితంగా చెప్పేశారు. ఆ మాట అనడం వల్ల వారికి ఒక్క రూపాయి లాభం లేదు. ఆయిలు నేను మరో చోట మార్పించుకున్నాను.

రెండేళ్ల క్రితం నాకు జరిగినది ఏమిటో అప్పుడు అర్థమయింది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది. కార్లలో వాడే డాట్ 4 రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా తట్టుకోవాలన్నది ప్రమాణం. తేమ చేరిన తరువాత అదే ఆయిలుకు ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. దిగువ దారిలో పాదం తీయకుండా బ్రేకు మీదే ఉంచితే ప్యాడ్లు, డిస్కులు కాగి, ఆ వేడి ఆయిలుకు చేరి, గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం అణగదు, ఆవిరి అణుగుతుంది. మనం పెడల్ మీద చూపే బలమంతా ఆ బుడగలను నొక్కడానికే ఖర్చయిపోయి చక్రం దాకా చేరదు. నా పాదం కింద పెడల్ మెత్తబడడానికి కారణం అదే. ఆ మాడిన వాసన చెత్తది కాదు, ప్యాడ్లది.

రెండో రోజు తెల్లవారుజామున ఐదున్నరకే సింహాచలం కొండ దారికి రమ్మన్నారు. భక్తుల వాహనాల రద్దీ మొదలయ్యేలోగా, దారి ఓరగా వెడల్పు ఉన్న ఒక చోట, ఎగువకు తిరిగి ఉన్న కారును కదిలించడం నేర్పడం ఆ రోజు పని. ఎత్తు మీద ఆగిన బండిని వెనక్కి జారకుండా ముందుకు తీయగలగడం లైసెన్సు పరీక్షలోనే చూడవలసిన అంశమని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం చెబుతోంది. నా పరీక్ష మాత్రం చదును నేల మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించడంతో ముగిసింది. అందుకే ఇన్నేళ్లూ ఫ్లైఓవరు ఎత్తు మీద ట్రాఫిక్ ఆగితే వెనకబండి వాడు ఎంత దూరంలో ఉన్నాడో అద్దంలో చూసుకుంటూ గుండె అరచేతిలో పెట్టుకునేదాన్ని.

మాస్టారు ఎక్కడి నుంచో ఒక సంచీ నిండా కొబ్బరి చిప్పలు తెచ్చారు. సింహాచలంలో వాటికి కొరత ఉండదు కదా. ఒక చిప్పను వెనక టైరుకు నాలుగు వేళ్ల దూరంలో బోర్లించి, బండి ముందుకు తీయమన్నారు. చిప్ప పగిలితే బండి జారినట్టు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, మొదటి గేరు వేసి, క్లచ్‌ను నెమ్మదిగా వదులుతూ ఉంటే ఒక చోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ అంగుళం పాటి పైకి లేస్తుంది. అక్కడ క్లచ్‌ను కదలనివ్వకుండా పట్టి ఉంచి, కాస్త ఎక్సలరేటరు ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దించాలి. చెప్పడానికి రెండు వాక్యాలే. నేను వరుసగా నాలుగు చిప్పలు పగలగొట్టాను. ఐదోసారి హ్యాండ్ బ్రేకు దించాక కూడా బండి ఉన్నచోటనే గాలిలో వేలాడినట్టుగా నిలబడి, తరువాత మెల్లగా ముందుకు పాకింది. దిగి చూస్తే చిప్ప చెక్కుచెదరలేదు. ఆ పూట ఇంకా పదకొండు సార్లు చేయించారు, మళ్లీ ఒక్కసారే పగిలింది. క్లచ్‌ను అలా సగంలో పట్టి ఎత్తు మీద బండిని ఆపి ఉంచడం అలవాటు చేసుకుంటే ప్లేట్లు మాడిపోతాయని, అది కదిలే క్షణానికి మాత్రమేనని, ఆగినంతసేపూ హ్యాండ్ బ్రేకే వాడాలని పదే పదే హెచ్చరించారు.

మాతో ఉన్న ఒకాయనది క్లచ్ పెడల్ లేని కారు. ఆయనకు మాత్రం ఈ స్కూలులో అన్యాయమే జరిగిందని చెప్పాలి. ఆటోమేటిక్ బండికి నేర్పేదేమీ ఉండదని, గేరు లివరును ముందుకు నడిపే డి గుర్తులో పెట్టుకుని పొమ్మని ఒక్క మాటతో సరిపెట్టారు. నిజానికి అటువంటి బండ్లలోనే తెలుసుకోవలసినది ఎక్కువ. ఎత్తు మీద జారకుండా పట్టే సదుపాయం బ్రేకు మీద నుంచి పాదం తీసిన తరువాత రెండు మూడు సెకన్లే పనిచేస్తుంది. అది లేని కొన్ని కార్లు మాన్యువల్ బండి లాగే వెనక్కి జారుతాయి. దిగేటప్పుడు డి లోనే వదిలేస్తే బండి తనంతట తాను పై గేర్లకు వెళ్లిపోయి వేగం పెంచుకుంటుంది. తక్కువ గేరులోనే నిలిపి ఉంచడానికి ఎల్ గుర్తునో మాన్యువల్ పద్ధతినో వాడాలి. ఇవన్నీ ఆయన కారుతో వచ్చిన పుస్తకంలోనే ఉన్నాయి. మూడో రోజు టిఫిను దగ్గర ఇద్దరం కూర్చుని చదువుకున్నాం.

మూడో రోజు ఉదయం ఆరు గంటలకల్లా శృంగవరపుకోట దాటాం. ఎక్కడం గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే ఎక్కేటప్పుడు బండి చేసే తప్పులను కొండే సరిదిద్దుతుంది, వేగం పెరగనివ్వదు. ఇంజిన్ దడదడలాడే దాకా ఆగకుండా మలుపుకు ముందే గేరు తగ్గించుకోవాలి, వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపాలి, బండి ఆపవలసివచ్చినా కాగి ఉన్న రేడియేటరు మూత మాత్రం తీయకూడదు. టైడా దాటాక ఎదురైన ఆర్టీసీ బస్సు వల్ల తెలిసిన ఒక విషయం మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. వెనక్కి మడిచినట్టుండే మలుపుల్లో బస్సుకు రోడ్డు మొత్తం కావాలి. మలుపు లోపలికి దూరి ఆగితే అది తిరగలేదు, మనం వెనక్కి పోలేము. అందుచేత హారను విని, మలుపుకు ఇవతలే ఎడమ ఓరకు ఆగి, దానిని పూర్తిగా తిరగనిచ్చిన తరువాతే కదలమన్నారు. ఇంతకు ముందు అటువంటి చోట్ల బస్సు డ్రైవరు నా మీదికి వస్తున్నాడని తిట్టుకునేదాన్ని.

ఈ శిక్షణకు ఇచ్చిన డబ్బు మొత్తం దిగే పాఠం ఒక్కదానికే చెల్లింది. గాలికొండ దగ్గర కాసేపు ఆగి వెనక్కి తిరిగాక, మొదట నా అలవాటు ప్రకారమే నడపమన్నారు. మరీ నిటారుగా లేని ఒక రెండు కిలోమీటర్లు నేను మూడో గేరులో, పాదం బ్రేకు మీదే ఆనించి, మలుపు మలుపుకూ నొక్కుతూ దిగాను. తన వైపు బ్రేకు మీద పాదం సిద్ధంగా ఉంచుకుని ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. (ఆ పూట నేను వారి కారే నడిపాను.) చదునులో ఆపించి, ముందు చక్రం దగ్గర తాకకుండా అరచెయ్యి పెట్టి చూడమన్నారు. అట్ల పెనం మీద చెయ్యి పెట్టి కాగిందో లేదో చూస్తామే, సరిగ్గా ఆ సెగ. ఇరవై నిమిషాలు అక్కడే నిలబడ్డాం.

తరువాతి భాగం రెండో గేరులో దింపించారు. ఎక్సలరేటరు వదిలేస్తే ఇంజినే బండిని వెనక్కి పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. శబ్దం పెరుగుతుంది గాని వేగం పెరగదు. ఆ శబ్దానికి భయపడి నేను క్లచ్ నొక్కబోయాను. "అరవనీండమ్మా, అది అరిస్తేనే బండి మన మాట వింటున్నట్టు" అన్నారు. వేగం మరీ పెరిగిన చోట బ్రేకును ఒక్కసారి గట్టిగా నొక్కి, వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. పాదాన్ని దాని మీద విశ్రాంతిగా ఉంచకూడదు. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి గాని మలుపు లోపల బ్రేకు వేయకూడదు. మళ్లీ రెండు కిలోమీటర్ల తరువాత ఆపి చక్రం దగ్గర చెయ్యి పెడితే, టీ గ్లాసు పక్కన పెట్టినంత వెచ్చదనమే తగిలింది. ఆ రెండు సెగల తేడా చేతికి తెలిశాక ఇక వేరే వివరణ అవసరం లేకపోయింది.

ఎక్కిన గేరులోనే దిగాలన్న మాట మన డ్రైవర్లందరూ చెబుతారు. అది మంచి మాటే, కాకపోతే నేటి కార్ల ఇంజిన్లకు బలం ఎక్కువ కాబట్టి మూడో గేరులో సులువుగా ఎక్కేస్తాయి. ఎక్కాము కదా అని అదే గేరులో దిగితే పట్టు చాలదు, ఇంకొక గేరు తగ్గించుకోవలసి వస్తుంది. ఇక న్యూట్రల్‌లో దిగితే ఇంధనం ఆదా అన్న నమ్మకం మా వారికి ఇప్పటికీ ఉంది. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి ఎక్సలరేటరు వదిలితే ఇంధనం దాదాపుగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ తిరుగుతూ ఉండడానికి కొంత తాగుతూనే ఉంటుంది. అంటే ఆదా కాదు సరికదా, పట్టు పోగొట్టుకోవడానికి మనమే డబ్బు కట్టినట్టు. ఇంజిన్ ఆపేసి దిగేవారి సంగతి ఇంకా ఘోరం, ఎందుకంటే దానితో పాటు బ్రేకుకు, స్టీరింగుకు అందే సాయం కూడా పోతుంది.

డముకు దగ్గర కొండచరియ మట్టి జారి రోడ్డు సగానికి పైగా మూసుకుపోయి, ఒక్క బండికే దారి ఉంది. నేను దిగుతున్నాను, కింది నుంచి సరుకు నిండిన ఒక చిన్న వ్యాను ఎక్కుతోంది. ఇరుకు చోట ఎక్కే వాహనానికే ముందు హక్కు, దిగే వాహనమే పక్కకు తీసి ఆగాలన్నది నిబంధన. కారణం నాలుగు కొబ్బరి చిప్పలు పగలగొట్టినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు: బరువుతో ఎత్తు మీద ఆగినవాడు మళ్లీ కదలడం కష్టం. నేను ఆగాను. నా వెనక ఉన్న పెద్ద కారు అతను హారను మీద చెయ్యి తీయలేదు. వ్యాను డ్రైవరు దాటుతూ చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. ఆ రోడ్డు మీద ఎక్కే బండికి దారి ఇవ్వడం ఎంత అరుదో ఆ నమస్కారమే చెప్పింది.

నాలుగో రోజు పొగమంచు దొరకడం మా అదృష్టం. మంచులో హైబీమ్ వేస్తే ఆ వెలుగు తెరలా మన కళ్ల మీదికే తిరిగి వస్తుంది. డిమ్ లైటు, ఉంటే ఫాగ్ లైటు వేసి, రోడ్డు ఎడమ గీతను పట్టుకుని పోవాలి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించుకుని నడపకూడదు, అలా చేస్తే మనం ఎటు తిరుగుతున్నామో వెనకవారికి తెలియదు. అవి ఆగిపోయిన బండికి మాత్రమే. వాలు మీద బండి నిలపడమూ అదే రోజు నేర్పారు: ముక్కు ఎగువకు ఉంటే మొదటి గేరు, దిగువకు ఉంటే రివర్స్, హ్యాండ్ బ్రేకు, ముందు చక్రాలు కొండ వైపు గట్టుకు తిప్పి ఉంచడం, టైరు కింద రాయి. గాలికొండ దగ్గర అలా పెట్టుకుని, వెళ్లేటప్పుడు రోడ్డు మధ్యనే వదిలేసిన రాళ్లు ఏడో ఎనిమిదో ఉంటే మాస్టారు ఒక్కొక్కటీ తీసి కాలవ పక్కకు దొర్లించారు. బొంగు చికెన్ కోసం సరిగ్గా మలుపు మీదే కార్లు ఆపినవారి దగ్గరకు వెళ్లి, కాస్త ముందుకు తీసుకోమని బతిమాలారు కూడా. ఆ మనిషి మీద నాకు అప్పుడు చాలా గౌరవం కలిగింది.

అందుకే తిరుగు ప్రయాణంలో జరిగినది నాకు అంత కష్టం కలిగించింది. శృంగవరపుకోటలో స్టీరింగ్ ఆయనే తీసుకున్నారు. సీటుబెల్టు పెట్టుకోలేదు. కొత్తవలస చేరేలోగా రెండు ఫోన్లు చెవికి పెట్టుకుని మాట్లాడారు. కూడలిలో తిన్నగా పోతున్నామని చెప్పడానికి నాలుగు ఇండికేటర్లూ వెలిగించారు, ఆ పొద్దున్నే వద్దని చెప్పినదే. పెందుర్తి దగ్గర ఎడమ వైపు నుంచి ఒక ఆటోను దాటారు. అడిగితే నవ్వి, "ఇది ఘాట్ కాదు కదమ్మా, మన ఊరే" అన్నారు. కొండ మీద తప్పు చేస్తే లోయ కనిపిస్తుంది కాబట్టి భయం ఉంటుంది. ఊళ్లో లోయ లేదు గాని స్కూటరు మీద పోయే మనిషి ఉన్నాడు. నాలుగు రోజుల్లో ఆయన నుంచి నేను నేర్చుకున్నదంతా, కనిపించని బండి ఎదురుగా వస్తోందనుకుని నడపడమే. దానికి ఊరూ కొండా అన్న తేడా ఉంటుందని ఆయన నుంచే వినడం నాకు మింగుడు పడలేదు.

తిరుమల ఘాట్‌లో నడిపిన అనుభవం ఉంది కదా అని ఈ శిక్షణ అవసరం లేదనుకునేవారు ఒక మాట గమనించాలి. అక్కడ 1944లో వేసిన మొదటి దారి దిగడానికి, 1974లో వచ్చిన రెండో దారి ఎక్కడానికి వేరువేరుగా ఉన్నాయి. ఎదురుబండి బెడద ఉండదు. అరకు, పాడేరు, మారేడుమిల్లి దారుల్లో ఆ వెసులుబాటు లేదు. మోటారు సైకిళ్లకు, స్కూటర్లకు మాత్రం ఈ స్కూలులో ఏ శిక్షణా లేదు. అరకు దారిలో సెలవు రోజున కనిపించే కుర్రవాళ్లలో సగం మంది గేరులేని స్కూటర్ల మీదే ఉంటారు, వాటికి ఇంజిన్ నుంచి దక్కే పట్టు చాలా తక్కువ.

ఐదు నక్షత్రాలకు నేను మూడున్నర ఇస్తాను. దిగే పాఠం ఒక్కటే అయితే ఐదూ ఇచ్చేదాన్ని. మాన్యువల్ కారు ఉండి, ఘాట్ అంటే భయపడేవారు తప్పకుండా చేరవచ్చు. ఆటోమేటిక్ కారు ఉన్నవారు చేరే ముందే ఎల్ గుర్తు గురించి ఏమి నేర్పుతారో ఫోనులో అడగండి. వేసవిలో కంటే శీతాకాలంలో చేరితే మంచులో నడిపే పాఠం కూడా దక్కుతుంది, కాకపోతే శని, ఆదివారాలు పర్యాటకుల రద్దీలో నేర్చుకోవడం కష్టం కాబట్టి పనిరోజుల్లోనే సెలవు పెట్టుకోండి. మా చెల్లెలిని వచ్చే నెల బ్యాచిలో చేర్పించడానికి పోయిన వారం అక్కడికి వెళ్లాను. తరగతి గది తలుపు తీసే ఉంది. తెర మీద సీటుబెల్టు జరిమానా ఇంకా 100 రూపాయలే.